వెనక సీటు లేని కారు

జనవరి 9

ఒరేయ్ మెకానిక్కూ,

ఉత్తరం చూసి కంగారు పడకు. నాకేం కాలేదు. బీపీ మామూలే, మోకాలు మామూలే, కుళాయి పొద్దున ఒక్కపూటే వస్తోంది, అదీ మామూలే. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావని తెలుసు. ఫోన్లో గొంతులు నాకు పట్టవురా, ఆ గరగరకి చిరాకేస్తుంది. కాగితమైతే ఇంకోసారి చదువుకోవచ్చు.

నీతో పనిబడింది. ఇప్పుడు దొరికే స్పోర్ట్స్ కార్లలో మంచిది ఏది? కొనడానికే అడుగుతున్నాను. నువ్వు నవ్వుతావు, నాకు తెలుసు. నవ్వేశాక మిగతాది చదువు.

పాత స్పోర్ట్స్ కార్లు కొని, బాగుచేసి అమ్మేవాడివి నువ్వు. నీకు తెలియనిది ఎవరికి తెలుస్తుంది? నేనా, రిటైరయ్యే దాకా సిటీ బస్సు తప్ప ఇంకోటి తోలలేదు. డబ్బు సంగతి నాకొదిలెయ్. నాకు కావలసినది ఒక్కటే, కారులో ఇద్దరే పట్టాలి. మూడో మనిషి బతిమాలినా చోటుండకూడదు.

ఎందుకంటావేమో. మీ అక్క నా బస్సులో కండక్టరుగా కొత్తగా చేరిన రోజుల్లో, పెద్ద సిగ్నల్ దగ్గర ఎర్ర కారొకటి మా పక్కన ఆగింది. నేలకి అతుక్కుపోయినట్టుంది. మీ అక్క కిటికీలోంచి కిందకి చూసి, "డ్రైవరుగారూ, దాంట్లో ఇద్దరికే చోటండీ! టికెట్ కొట్టే పనే లేదు!" అని అరిచింది. బస్సంతా ఒకటే నవ్వు. నేను మాత్రం పచ్చ లైటు పడ్డా కదల్లేదు. ఆ నెలలోనే మీ ఇంటికొచ్చి మీ నాన్నని అడిగాను. అప్పుడు నువ్వు నిక్కర్లేసుకుని నా బూట్ల లేసులు ముడేసిన సంగతి నేనింకా మర్చిపోలేదు.

మీ అక్క పెట్టె పట్టుకుని నీ ఇంటికొచ్చి వానాకాలం మొత్తం దాటిపోయింది. ఆవిడ ఎలా ఉందని నేను అడగటం లేదు, గమనించు. కారు గురించి అడుగుతున్నాను. ఆవిడ పాత చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. తీసి పారేద్దామని చేతిలోకి తీసుకుంటాను, దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెడతాను.

వెంటనే రాయి.

మీ బావ


జనవరి 20

బావా,

నవ్వాను. నువ్వు చెప్పినట్టే నవ్వేశాకే మిగతాది చదివాను. చదివాక మళ్ళీ నవ్వబోతే మా ఆవిడ కళ్ళెర్రజేసింది.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. పోర్షే 911. కళ్ళు మూసుకుని తీసుకో. ఇంజను వెనక చక్రాలకి కూడా వెనక ఉంటుంది. మీ పాత బస్సుల్లో ఇంజను పెట్టె నీ ఎడమ మోకాలి పక్కనే కూచుని నిన్ను వేయించేది కదా, దీంట్లో ఆ బాధ లేదు. మలుపులో స్టీరింగు పట్టుకుంటే కింద రోడ్డు మీద ఇసుక ఉందో తడి ఉందో నీ అరచేతికి తెలిసిపోతుంది. రోజూ కూరగాయలకీ పోవచ్చు, సరదా పుడితే రేసుకీ పోవచ్చు. ముందు డిక్కీలో రెండు సంచులు పడతాయి. వెనక చిన్న సీట్లున్నాయి, పిల్లలకైతే సరిపోతాయి. నా చేతికొచ్చిన కార్లన్నిటిలో, "ఇది అమ్మకుండా ఉంచేసుకుంటే పోలా" అనిపించింది అదొక్కటే.

ఇక నువ్వు అడగని సంగతి. అక్క బాగానే ఉంది. నా షెడ్డుకి తనే ఇప్పుడు కండక్టరు. స్పానర్లు సైజు ప్రకారం గోడకి తగిలించింది. బేరాలాడటానికొచ్చిన వాళ్ళని వరసలో నిలబెడుతోంది. నీ చేతిరాత చూడగానే కవరు నా చేతిలోంచి లాగేసుకుంది. చదివి మడతపెట్టి, "రిటైరయ్యాక ఒక్కొక్కళ్ళకి పిచ్చి ఒక్కో రకంగా వస్తుంది, ఈయనకి చక్రాల మీద వచ్చింది" అంది.

తర్వాత గిన్నెలు తోముతూ ఇంకో మాటంది. రాయమనలేదు, కానీ రాస్తున్నాను. "పనిచేసినన్నాళ్ళూ ఆయన వీపు చూస్తూ పనిచేశాన్రా. ఆయన రిటైరయ్యాకైనా మొహం చూద్దామనుకున్నా. ఇంట్లోనూ కిటికీ వైపు తిరిగి కూచుంటే మళ్ళీ వీపే. ఏం చెప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. గోడకి చెప్పినా కాస్త ప్రతిధ్వని వస్తుంది."

బావా, నువ్వు పలకొచ్చు కదా?

నీ బావమరిది


ఫిబ్రవరి 2

ఒరేయ్,

పోర్షే వద్దు. వెనక సీటుందన్నావు.

పిల్లలకే సరిపోతుందని నువ్వంటావు గానీ మీ అక్క సంగతి నీకు తెలీదు. వెనక జానెడు చోటుంటే చాలు, అలవాటు కొద్దీ వెళ్ళి అందులో దూరుతుంది. ఒకసారి డిపో మేనేజరు కారు రిపేరు చేయించి తెమ్మంటే నేను తోలుకొచ్చాను. దారిలో మీ అక్కని ఎక్కమన్నాను. దిగి, ముందు తలుపు తీసి పట్టుకున్నాను, హీరోలాగా. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి వెనక కూచుంది! "ఇక్కణ్ణుంచైతే అంతా కనిపిస్తుంది" అంది. ఇంటిదాకా అద్దంలో చూసుకుంటూ వచ్చాం. మీ అక్క మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు అద్దంలో పట్టినంతే గుర్తొస్తుంది, నుదురూ, కళ్ళూ. మిగతాది తర్వాత వస్తుంది. పక్కన కూచుంటే ఆవిడ ఎలా ఉంటుందో నాకు చూడాలనుందిరా. అదే నా బాధ.

ఇంకోటి. నేను పలకనని అంటోందా? తను మాట్లాడితే కదా నేను పలకటానికి! ఉన్న మాట చెప్తున్నాను, ఏమనుకోకు. రిటైరు కాకముందు నుంచే మీ అక్క ఇంట్లో మాట తగ్గించేసింది. బస్సులో చివరి సీటుదాకా వినిపించే గొంతు ఆవిడది. ఇంటికొచ్చాక అన్నం పెట్టి, నా పక్కన కూచుని, తన పాటికి తను తినేసి లేచిపోయేది. ఎందుకో అలిగింది, అదే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. అడగటానికి భయమేసింది. అందుకని కిటికీ దగ్గర కూచునేవాణ్ణి.

ఇది తనకి చెప్పకు. కారు మాత్రం ఇంకోటి చూడు. ఇంజను ఎక్కువ గోల చెయ్యకూడదు. గేరు కర్ర ఉండాలి. అది లేకపోతే నా ఎడంచెయ్యికి ఏం తోచదు.

మీ బావ


ఫిబ్రవరి 15

బావా,

ఎంత పని చేశావయ్యా! "చెప్పకు" అని నువ్వు రాసిన వాక్యం దాకా నేను వచ్చేలోపే అక్క నా భుజం మీంచి చదివేసింది.

"నేను మాట తగ్గించానా? నేనా?" అంది. ఇంకేం అన్నదీ రాయను, పోస్టు వాళ్ళు చదివితే బాగుండదు. మా ఆవిడ మంచినీళ్ళిచ్చి కూచోబెట్టింది. బావా, నీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను, మా అక్క మాట తగ్గించటమేమిటి? ఇక్కడ రేడియేటర్లతో కూడా మాట్లాడుతోంది!

అక్క చెప్పింది వినాలి నువ్వు. తన రిటైర్మెంటు కాగితాలు చేతికొచ్చిన రోజు భోజనాల దగ్గర నిన్ను అడిగిందట. "ఎక్కడికైనా పోదామండీ. మనం నడపని బస్సెక్కి, మనకి తెలీని ఊళ్ళో దిగుదాం. మీతో ఖాళీగా ఒక్క నాలుగు రోజులు ఉండాలనుంది" అందట. నువ్వు కూరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టుకుంటూ తిన్నావట. వద్దని కూడా అనలేదట. మర్నాడు మళ్ళీ అడిగితే చెయ్యి కడుక్కుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయావట. "వద్దంటే ఊరుకునేదాన్ని. నేను అక్కడ లేనట్టే లేచి వెళ్ళిపోయాడ్రా" అని ఏడ్చింది. ఆ వారమే పెట్టె సర్దుకుంది. ఇన్నాళ్ళూ మాకెవరికీ ఈ సంగతి చెప్పలేదు.

నాకు నిజంగా కోపం వచ్చింది. అయినా కార్ల సంగతి అడిగావు కాబట్టి అదీ రాస్తాను, వృత్తి ధర్మం.

ఇద్దరే పట్టేవి చెప్తాను. కార్వెట్, పెద్ద ఇంజను, నడుం వెనకే ఉరుముతూ ఉంటుంది. గోల వద్దన్నావు, దాన్ని కొట్టెయ్. ఆల్పైన్ ఉంది, తేలికపాటి కారు, మలుపులంటే దానికి ప్రాణం. కానీ గేరు కర్ర లేదు, గేర్లు తనే మార్చుకుంటుంది. లోటస్ ఎమీరా, ఆహా, దాని పక్కన నిలబడితే నాకే తల దువ్వుకోవాలనిపిస్తుంది. గేరు కర్రా ఉంది. అయితే దాంట్లోంచి దిగటానికి నీ మోకాలు ఒప్పుకోదు. టొయోటా 86 మంచి సరదా బండి, కానీ పేరుకి వెనక సీట్లున్నాయి. నీ గోల నీకుంది.

అన్నీ పోగా మిగిలింది మాజ్దా మియాటా. చిన్నది, ఇద్దరికే, గేరు కర్ర మణికట్టుతో తిప్పితే పడుతుంది. గుడ్డ కప్పు, సీట్లో కూచునే చేత్తో వెనక్కి మడిచెయ్యొచ్చు. వేగం మరీ ఎక్కువేం కాదు. కానీ నలభైలో వెళ్తున్నా వందలో వెళ్తున్నంత సంతోషంగా ఉంటుంది. నా మాట వింటే అదే తీసుకో.

కానీ పక్క సీట్లో ఎవరిని కూచోబెడతావు బావా? అక్కైతే రానంటోంది.

నీ బావమరిది


ఫిబ్రవరి 27

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయబుద్ధి కాలేదు. పొయ్యి కూడా వెలిగించబుద్ధి కాలేదు.

మీ అక్క నిజంగా అలా అడిగిందా? నేను అబద్ధమాడే మనిషిని కాదని నీకు తెలుసు. నాకు ఆ మాట తెలీదు. ఆవిడ ఎక్కడ కూచుని అడిగింది? బల్ల దగ్గర నాకు ఏ పక్క కూచుంది? రెండోసారి అడిగినప్పుడు పొయ్యి దగ్గర నిలబడి అడిగిందా, గుమ్మంలోంచి అడిగిందా? తప్పకుండా కనుక్కుని రాయి. నాకు అది తెలియాలి.

మియాటా సరే. అయితే ఇంకో షరతు. స్టీరింగు ఎడమవైపు ఉండాలి. మన రోడ్ల మీద అన్నీ కుడి స్టీరింగు కార్లేనని నాకు తెలుసు, నాకు పాఠాలు చెప్పకు. ఎడమ స్టీరింగుదే కావాలి. దొరక్కపోతే ఏ కారూ వద్దు.

మీ బావ


మార్చి 10

బావా,

నీకు దణ్ణం పెడతాను, ఇక ఉత్తరాలు రాయకు. లేకపోతే కాస్త ఆలోచించి రాయి.

"ఏ పక్క కూచుని అడిగావు?" అని నేను అక్కని ఎలా అడగను? అడిగాను, తన్నులు తిన్నంత పనైంది. "ఎక్కడ కూచున్నానో కూడా చెప్పాలా? సాక్షుల్ని కూడా తెమ్మంటాడా?" అని మండిపడింది. అయినా చెప్పింది, కోపంగానే. బల్ల దగ్గర ఎప్పుడూ కూచునే చోటేనట, నీ ఎడం పక్కన, పొయ్యికి దగ్గరగా. రెండోసారి కూడా అక్కడేనట. చాలా? తృప్తిగా ఉందా?

ఆ ఎడమ స్టీరింగు మాట చదివాక అసలు రగడ మొదలైంది. మీ డిపో నుంచి రిటైరైన డ్రైవరొకాయన ఎడమ స్టీరింగు దేశానికి లారీలు తోలటానికి వెళ్ళాడట కదా. నువ్వూ అక్కడికే పోతున్నావని అక్క తేల్చేసింది. చెయ్యి అలవాటు కావటానికే ఈ కారని, అందుకే డబ్బు లెక్క చెయ్యటం లేదని. నేను కాదనబోయాను. కానీ నాకూ అదే అనిపించింది, ఇంకెందుకు అడుగుతాడు మనిషి?

అక్క గొడవ చెయ్యలేదు. "వెళ్ళనీ" అంది. అంతే. అప్పట్నుంచి మాట్లాడటం లేదు. ఇదిగో, ఇప్పుడు నిజంగా మాట తగ్గించింది. షెడ్డంతా బోసిపోయింది. స్పానర్లు ఎక్కడివక్కడే పడున్నాయి, తిట్టే దిక్కు లేదు.

నువ్వడిగిన బండి నా దగ్గరే ఉంది, ఇదింకో విడ్డూరం. విదేశీ ఆఫీసులో పనిచేసినాయన వెళ్ళిపోతూ వదిలేసిన మియాటా, నీలం రంగు, ఎడమ స్టీరింగు. షెడ్డు మూల పట్టా కింద ఉంది. ఎవరూ కొనరు. ఎందుకో చెప్తాను, నువ్వూ కొనకు. మన రోడ్ల మీద ఆ కారులో ముందు లారీని దాటాలంటే ఎదురు ఏమొస్తోందో డ్రైవరుకి కనపడదు. నువ్వు లారీ వెనక గట్టువైపు ఇరుక్కుని ఉంటావు. కనపడేది కుడివైపు కూచున్న వాళ్ళకే. ప్రతిసారీ పక్క మనిషి తొంగిచూసి పొమ్మంటే పోవాలి, ఆగమంటే ఆగాలి. అలా ఎవరు తోలతారు, చెప్పు?

నిజం చెప్పు బావా. వెళ్ళిపోతున్నావా?

నీ బావమరిది


మార్చి 18

ఒరేయ్,

నేనెక్కడికీ పోవటం లేదు. ఈ మోకాలితో లారీ ఎక్కనిస్తారా? మీకందరికీ బుద్ధి ఎటు పోయింది?

ఆ నీలం కారే నాకు కావాలి. పక్క మనిషి చెప్తేనే పోవాలా? చెప్తేనే ఆగాలా? ఒరేయ్ పిచ్చివాడా, ఇంతకాలం నేను చేసిందేమిట్రా! మీ అక్క "హోల్డాన్" అంటే ఆగాను, "రైట్" అంటే కదిలాను. నాకు వెనక ఏముందో ఎప్పుడూ కనపడలేదు, ఆవిడకి కనపడేది. నా చేతిలో ఎవరికీ గీత కూడా పడలేదంటే అందులో సగం ఆవిడ చలవే.

ఆవిడ నాకు కుడివైపే కూచోవాలి. ఎడమవైపు కూచుంటే లాభం లేదు. బల్ల దగ్గరా ఎడమవైపే, మంచం మీదా ఎడమవైపే, ఇన్నేళ్ళూ ఎడమవైపే. ఎందుకని అడక్కు. నాకు సిగ్గుగా ఉంది, చెప్పలేను. నాకు నేనే ఇప్పటిదాకా సరిగ్గా ఒప్పుకోలేదు.

మీ అక్కని చూడాలనుంది. ఈ ముక్క రాయటానికి ఇన్ని ఉత్తరాలు పట్టింది. ఈసారి తనకి చూపించు.

మీ బావ


మార్చి 26

బావా,

చూపించాను.

అక్క నిలబడే చదివింది. చదివిన కాగితం పట్టుకునే షెడ్డులోకి వెళ్ళింది. పట్టా లాగేసి, మియాటా తలుపు తీసి, కుడివైపు సీట్లో కూచుంది. నన్ను స్టీరింగు దగ్గర కూచోమంది. కూచున్నాను. నా కుడి చెవి వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. నాకు భయమేసింది.

తర్వాత ఒక్కసారిగా, "ఇంట్లో నేల తవ్వించిన నెల గుర్తుందా?" అంది. నాకేం గుర్తుంటుంది? అప్పుడు మీరు బల్లనీ మంచాన్నీ వీధి గదిలోకి మార్చారట. చోటు చాలక అన్నీ తిప్పి వేశారట. ఆ నెలంతా తను నీకు కుడివైపు పడిందట. "ఆ నెల ప్రతి మాటకీ నవ్వాడ్రా. నా జోకులన్నిటికీ నవ్వాడు. ఆ దుమ్ములో, ఆ ఇరుకులో, కొత్తగా పెళ్ళైనవాళ్ళలా ఉన్నాం. నేల బాగై సామాన్లు యథాస్థానానికి రాగానే మళ్ళీ మూగాడైపోయాడు. ఇల్లు బాగయింది, ఈయన పాడయ్యాడు అనుకున్నా."

అప్పుడు నాకూ వెలిగింది బావా. ఆ ఇంజను పెట్టె. నీ ఎడం పక్కన, ఎండనకా వాననకా, అన్నేళ్ళు. చెవి పోయిందని డిపోలో తెలిస్తే బస్సు ఇవ్వరని దాచావు, కదూ? రిటైరయ్యాక ఇంకెవరికి భయపడి దాచావయ్యా?

అక్క ఏడ్చింది, తిట్టింది. రెండూ ఒకేసారి చేసింది. "వెర్రి మనిషి! చెవి పోతే నేను పోతాననుకున్నాడా? పోయిందని చెప్పకపోబట్టే కదా పోయాను!" అంది. "నేను మాట తగ్గించానని ఆయన, పలకటం మానేశాడని నేను, ఒకే బల్ల మీద అన్నం తిన్నాం" అని ఇంకా ఏడ్చింది. మా ఆవిడా ఏడ్చింది. నేను చేతులకి గ్రీజుందని కళ్ళు తుడుచుకోకుండా వదిలేశాను.

బ్రేకులు మార్చి, టైర్లు కొత్తవి వేసి, కారు నేనే తోలుకొస్తాను. తిరిగి బస్సులో వచ్చేస్తాను. ఈ కింద అక్క ఏదో రాస్తానంటోంది.

నీ బావమరిది

ఏమండీ, వీడితో పాటు నేనూ వస్తున్నాను. లారీల దగ్గర వీడికి దారి చెప్పాలిగా. బల్లని ఇప్పుడే గోడ దగ్గర్నుంచి లాగి అటు తిప్పి పెట్టండి. మంచం నేనొచ్చాక ఇద్దరం జరుపుదాం, మీరొక్కరే ఎత్తి నడుం పట్టించుకోకండి. మీమీద కోపం పోలేదు. ఆ కోపమేదో అక్కడికొచ్చే పడతాను.


ఏప్రిల్ 14

ఒరేయ్ బావమరిదీ,

ముందు కారు సంగతి రాస్తాను. లేకపోతే నువ్వు మిగతాది చదవవు. కారు బ్రహ్మాండంగా ఉంది. గేరు ఇప్పుడు కుడిచేత్తో వెయ్యాల్సొస్తోంది, అయినా నువ్వు చెప్పినట్టే మణికట్టుతో పడుతోంది. ఎక్కటం కష్టం, దిగటం ఇంకా కష్టం. మీ అక్క ముందు దిగి, చుట్టూ తిరిగొచ్చి, చెయ్యిచ్చి లాగుతోంది. వీధిలో అందరూ చూస్తున్నారు. చూడనీ.

చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఎడమది పూర్తిగా పోయిందట, దానికి మందూ లేదు, మిషనూ లేదు. కుడిది పనికొస్తుందట, కాపాడుకోమన్నాడు. నేను తల ఊపుతుంటే మీ అక్క డాక్టరుతో, "ఈయన ఊపాడంటే వినపడలేదని అర్థమండీ, మళ్ళీ చెప్పండి" అంది. ఇన్నేళ్ళ నా గుట్టు అలా రట్టు చేసింది.

మొన్న ఊరు దాటి పెద్ద రోడ్డెక్కాం. కప్పు వేసుకునే వెళ్ళాం, గాలికి మాట కొట్టుకుపోతుందని. ఇటుకల లారీ ఒకటి అడ్డొచ్చింది. మీ అక్క తొంగిచూసి "హోల్డాన్!" అని అరిచింది, బస్సులో అరిచినట్టే. నా కుడి చెవి కూడా పోయేంత పనైంది. "అంత గట్టిగా అక్కర్లేదు, మెల్లగా చెప్పు, వినిపిస్తుంది" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. తర్వాత మెల్లగా, "ఇప్పుడు పోండి" అంది.

మీ అక్కకి మెల్లటి గొంతు ఉందన్న సంగతే నేను మర్చిపోయానురా. పెళ్ళైన కొత్తల్లో విన్నాను. ఆ గొంతు ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదట, రోజూ నా ఎడం పక్కన కూచుని ఆ గొంతుతోనే చెప్తూ వచ్చిందట. గట్టిగా అరవటం బస్సుతోనే వదిలేసి, ఇంట్లో నాతో మెల్లగా మాట్లాడదామనుకుందట.

లారీని దాటాక కారు పక్కకి తీసి ఆపేశాను. నడపలేకపోయాను. "ఇన్నేళ్ళూ నాకేం చెప్పావో అన్నీ చెప్పు" అన్నాను. "అన్నీ ఎక్కడ గుర్తుంటాయండీ" అంది. గుర్తున్నంత వరకే చెప్పమన్నాను. రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టింది. తనకి జ్వరమొచ్చిన రోజు నన్ను ఇంట్లో ఉండిపోమని అడిగిందట. ఇంకోసారి, నా తెల్ల వెంట్రుకలు బాగున్నాయని అందట. మీ నాన్న పోయిన ఏడాది, ఆయన కల్లోకొచ్చాడని చెప్పి, నేను చెయ్యి పట్టుకుంటానేమోనని చూసిందట. చిన్నవీ పెద్దవీ కలిపి చెప్పుకుంటూ పోయింది. లారీలు మా పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

ఒక్కోదానికి అప్పుడు వినుంటే ఏమనేవాణ్ణో ఆలోచించి జవాబు చెప్పాను. కొన్నిటికి ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆ రోజులు దాటిపోయాయి. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది. "దీనికిప్పుడేం చెప్పను?" అన్నాను.

అయినా చెప్పమంది. "ఇవాళ ఉండిపోతాలే" అన్నాను.

మీ బావ